పాత ఫ్లాపీలను పారేయమనే ముందు

సంపాదకులకు నమస్కారం.

ఇళ్లలో పేరుకుపోతున్న ఎలక్ట్రానిక్ వ్యర్థాలను వదిలించుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఉబ్బిన బ్యాటరీలు, తెగిన ఛార్జర్లు, పగిలిన ఫోన్ల విషయంలో వ్యాసకర్త చెప్పినదానితో నాకు పేచీ లేదు. అయితే ఎందుకూ పనికిరాని వస్తువుల జాబితాలో ఫ్లాపీలను, పాత కంప్యూటర్ ఆటల సీడీలను కూడా చేర్చి, వాటిని చదివే యంత్రాలే ఇప్పుడు లేవు కాబట్టి నిస్సంకోచంగా పారేయవచ్చని రాసిన ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. చదివే యంత్రాలు వెతికితే దొరుకుతాయి. ఒక్కసారి చదివి, సరిగ్గా ప్రతి తీసి పెట్టుకుంటే ఆ తర్వాత ఆ యంత్రంతో పనే ఉండదు. ఆ ప్రతిని నేటి కంప్యూటర్‌లో ఎలా నడపాలో, ఎక్కడెక్కడ చిక్కు పడుతుందో, మన చట్టమూ మన గ్రంథాలయాలూ అందుకు ఎంతవరకు తోడ్పడగలవో మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను 1991 నుంచి 14 ఏళ్లపాటు తెనాలిలో ఒక చిన్న కంప్యూటర్ శిక్షణ కేంద్రం నడిపాను. విండోస్‌కు ముందు కంప్యూటర్లను నడిపిన డాస్, లెక్కల పట్టికలకు లోటస్, సమాచార జాబితాలకు డీబేస్, ఆ తర్వాత ప్రోగ్రాములు రాసే సీ భాష నేర్పేవాళ్లం. పాఠం అయ్యాక చివరి పావుగంట ఆటలకు వదిలేవాడిని. నిజం చెప్పాలంటే సగం మంది పిల్లలు ఫీజు కట్టింది ఆ పావుగంట కోసమే. జాన్ రొమెరో తయారుచేసిన డేంజరస్ డేవ్, జోర్డాన్ మెక్‌నర్ తయారుచేసిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా లేని ఫ్లాపీ పెట్టె ఆ రోజుల్లో నేనెరిగిన ఏ శిక్షణ కేంద్రంలోనూ ఉండేది కాదు. రాకుమారిని విడిపించడానికి ప్రిన్స్‌కు ఉండే గడువు 60 నిమిషాలు, మా పిల్లలకు ఉన్నది 15 నిమిషాలు. అందువల్ల ఆ కోట చివరి అంతస్తు చూసినవాళ్లు మా ఊళ్లో చాలా తక్కువ.

గత వేసవిలో అటక సర్దుతూ ఆ పెట్టెను కిందికి దించాను. అందులో 5.25 అంగుళాల మెత్తటి ఫ్లాపీలు కొన్ని, 3.5 అంగుళాల గట్టివి కొన్ని, అడుగున రబ్బరుబ్యాండు కరిగి అంటుకుపోయిన సీడీల కట్ట ఒకటి ఉన్నాయి. మెత్తటి ఫ్లాపీకి ఉండే పొడవాటి కిటికీలోంచి చూస్తే, లోపలి గోధుమరంగు పళ్లెం మీద ముగ్గు చల్లినట్టు తెల్లటి బూజు కనిపించింది. కోస్తా తేమలో 30 ఏళ్లు గడిపిన ఫ్లాపీకి అది మామూలే. సమాచారం నిలిచేది ఆ పళ్లెం మీద పూసిన అయస్కాంత పదార్థపు పల్చటి పూతలో కాబట్టి, పూత రాలిందంటే అక్కడి సమాచారం పోయినట్టే. పైగా ఆ బూజు డ్రైవ్‌లో ఫ్లాపీని తాకి చదివే హెడ్‌కు అంటుకుంటే, తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీ కూడా గీసుకుపోతుంది. కాబట్టి అటక మీద దొరికిన ఫ్లాపీని ఉత్సాహం కొద్దీ వెంటనే డ్రైవ్‌లో దూర్చవద్దని ముందే మనవి చేస్తున్నాను.

ఆ పెట్టెలో నేను వెతికింది ప్రిన్స్ కోసం కాదు. ప్రిన్స్ ఎక్కడైనా దొరుకుతాడు. 1995లో మా దగ్గర సీ భాష నేర్చుకున్న ఒక కుర్రాడు వేసవి సెలవులన్నీ కూర్చుని పులిజూదాన్ని కంప్యూటర్ ఆటగా రాశాడు. అరుగుల మీద సుద్దముక్కతో గీసుకుని ఆడుకునే ఆటే అది: 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసే 23 చోట్లు. మేకలు మనవి, పులులు కంప్యూటర్‌వి. ఆ కుర్రాడు ఇప్పుడు దేశం దాటి వెళ్లి స్థిరపడ్డాడు, అతని దగ్గర కూడా దాని ప్రతి లేదు. అమ్మకానికి వచ్చిన ఆట కాదు కనుక ఇంటర్నెట్‌లో ఎంత వెతికినా కనిపించదు. ప్రపంచం మొత్తం మీద అది ఉన్నది నా పెట్టెలో, 360 కేబీల ఒకే ఒక్క ఫ్లాపీ మీద. మీ వ్యాసకర్త పారేయమన్న ఫ్లాపీల్లో ఇలాంటివి ఎన్ని ఇళ్లలో ఎన్ని ఉన్నాయో ఆలోచించండి.

ఇక ప్రతి తీయడం గురించి. ఫ్లాపీలోని ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం వేరు, ఫ్లాపీకి డిస్క్ ఇమేజ్ తీయడం వేరు. చాలామంది మొదటిది చేసి రెండోది చేశామనుకుంటారు. మామూలు 3.5 అంగుళాల ఫ్లాపీలో ఒక్కో పక్క 80 ట్రాకులు (గుండ్రటి వరసలు), ట్రాకుకు 18 సెక్టర్లు (ముక్కలు), సెక్టరుకు 512 బైట్లు ఉంటాయి. రెండు పక్కలూ కలిపితే 14,74,560 బైట్లు. ఇమేజ్ తీసే ప్రోగ్రాము మొదటి సెక్టరు నుంచి చివరి సెక్టరు వరకు వరుసగా చదివి, ఉన్నది ఉన్నట్టు ఒకే ఫైలుగా రాస్తుంది. అందులో ఫైళ్లతోపాటు ఖాళీ జాగాలు, చెరిపేసిన ఫైళ్ల ఆనవాళ్లు, యంత్రాన్ని లేపే బూట్ సెక్టరు, ఫ్లాపీకి పెట్టిన పేరు అన్నీ వస్తాయి. వెనకటి లేఖకులు తాళపత్ర గ్రంథానికి ప్రతి రాసి, చివర 'యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా' అని చేర్చేవారు. పుస్తకంలో ఎలా చూశానో అలాగే రాశాను, తప్పైనా ఒప్పైనా దోషం నాది కాదు అని ఆ శ్లోకం భావం. ఇమేజ్ తీసే ప్రోగ్రాముదీ అదే ధర్మం. తనకు అర్థం కానిదాన్ని అది దిద్దదు, అనవసరమని వదిలేయదు.

ఈ తేడా నాకు అనుభవం మీదే తెలిసింది. మొదట్లో నేను ఒక ఆట సీడీని, దాని ఫ్లాపీలను ఒక దుకాణంలో ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమన్నాను. వాళ్లు డబ్బు తీసుకుని ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లో పోసి ఇచ్చారు. ఇంటికి తెచ్చి చూస్తే, ఆటను ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాము సగం దూరం నడిచి, రెండో డిస్కు పెట్టమని అడిగి అక్కడే కూర్చుంది. రెండో డిస్కులోని ఫైళ్లు ఆ ఫోల్డర్‌లో దాని కళ్లముందే ఉన్నాయి. కానీ అది వెతుకుతున్నది ఫైళ్లను కాదు, రెండో డిస్కుకు ఉండవలసిన పేరును. ఆ పేరు ఫైళ్లతోపాటు రాదు, ఇమేజ్‌లో మాత్రమే వస్తుంది. దుకాణం వాళ్లను నేను తప్పుపట్టలేదు. నేను అడిగిన పనే వాళ్లు చేశారు, అడగవలసింది నాకే తెలియలేదు.

3.5 అంగుళాల ఫ్లాపీలకు యూఎస్‌బీ డ్రైవులు ఇప్పటికీ దొరుకుతాయి. 5.25 అంగుళాల వాటికి మాత్రం పాత డ్రైవ్, దానిని కలిపే కేబుల్, ఫ్లాపీ కంట్రోలర్ (ఆ డ్రైవ్‌ను నడిపే చిప్) ఉన్న పాత మదర్‌బోర్డు కావాలి. లేదంటే గ్రీజ్‌వీజల్ అనే చిన్న సర్క్యూట్ బోర్డు ద్వారా ఆ డ్రైవ్‌ను నేటి కంప్యూటర్‌కు కలపవచ్చు. నా పాత విద్యార్థి ఒకరి మరమ్మతు దుకాణంలో మూలన పడి ఉన్న పెంటియం యంత్రం నా పాలిట దేవుడైంది. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో, ఫ్లాపీ మధ్య రంధ్రంలో వేలుపెట్టి పళ్లేన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ, కిటికీలోంచి రెండు పక్కలా బూజు తుడిచాం. తొలిసారి పెట్టగానే డ్రైవ్ కర్రుమని అరిచి, 'అబార్ట్, రీట్రై, ఫెయిల్' అన్న ఆ పాత ప్రశ్న తెర మీదికి వచ్చింది. 30 ఏళ్ల తర్వాత చూసినా దానిమీద కోపమే వచ్చింది. హెడ్‌ను తుడిచి, లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో మళ్లీ మొదలుపెట్టాం. అది ముందు బాగున్న సెక్టర్లను చదివేసి, మొండికేసిన వాటి జాబితా రాసుకుని, తర్వాత వాటి దగ్గరికి తిరిగి తిరిగి వస్తుంది. మూడో విడతకు చివరి సెక్టరు కూడా లొంగింది. రెండుసార్లు విడివిడిగా చదివి, రెండు ఇమేజ్‌ల చెక్‌సమ్‌లు (ఫైలులోని బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే సరిచూపు సంఖ్యలు) ఒకటేనని చూసుకున్నాకే ఫ్లాపీని కవరులో పెట్టాను.

ఇది పనిలేనివాళ్ల పని అని ఎవరైనా అనుకుంటే, ప్రిన్స్ ఆఫ్ పర్షియా కథే వినండి. 1989లో యాపిల్-2 కంప్యూటర్ కోసం ఆ ఆట రాసిన మెక్‌నర్‌కే తన సోర్స్ కోడ్ (తాను రాసిన మూల ప్రోగ్రాము) ఎక్కడుందో చాలా ఏళ్లు తెలియలేదు. 2012లో ఆయన తండ్రి ఇంట్లో ఒక పెట్టెలో ఆ డిస్కులు బయటపడ్డాయి. పాత డిస్కులు చదవడంలో చేయితిరిగిన మిత్రులు వాటిని చదివిపెడితే, ఆయన ఆ కోడ్‌ను అందరికీ అందుబాటులో ఉంచారు. లోకమంతా అమ్ముడుపోయిన ఆట మూలానికే అటక పెట్టె దిక్కయినప్పుడు, తెనాలి కుర్రాడి పులిజూదం సంగతి చెప్పేదేముంది.

ఇమేజ్ చేతికొచ్చింది. దాన్ని నడపడం ఎలా? డాస్ కాలపు ఆటను నేటి విండోస్‌లో నేరుగా నొక్కితే, ఈ ప్రోగ్రాము మీ కంప్యూటర్‌లో నడవదని జవాబు వస్తుంది. ఆట పాడైందని అర్థం కాదు. అది పాత ప్రాసెసర్ల కోసం రాసిన 16 బిట్ ప్రోగ్రాము. 64 బిట్ విండోస్‌లో అలాంటి ప్రోగ్రాములను నడిపే భాగమే లేదు. అందుకని మధ్యలో ఎమ్యులేటర్ కావాలి. ఎమ్యులేటర్ అంటే మన కంప్యూటర్‌లో పాత కంప్యూటర్ వేషం కట్టే ప్రోగ్రాము. ప్రాసెసర్, సౌండ్ కార్డు, గ్రాఫిక్ కార్డు, కీబోర్డు అన్నీ అదే అభినయిస్తుంది. డాస్ ఆటలకు అందరూ వాడేది 2002లో తొలిసారి విడుదలైన డాస్‌బాక్స్. అది ఉచితం, దాని కోడ్ బహిరంగం. ఈ పేరు మన ఇంజినీరింగ్ పట్టభద్రులకు కొత్తగా తోచవచ్చు కానీ వాళ్లలో చాలామంది తెలియకుండానే దాన్ని వాడారు. విండోస్ 7 వచ్చాక కూడా మన కళాశాలల ల్యాబుల్లో, సీ భాషలో ప్రోగ్రాములు రాసే టర్బో సీ నీలం తెర కనిపించిందంటే, చాలా చోట్ల దాని వెనక ఉన్నది డాస్‌బాక్సే.

డాస్‌బాక్స్ తెరిస్తే జడ్ డ్రైవ్ దగ్గర కర్సర్ కొట్టుకుంటూ ఉంటుంది. అది కట్టిన వేషంలో మన అసలు సీ డ్రైవ్ లేదు, డీ డ్రైవ్ లేదు. మనం ఇచ్చిందే దాని లోకం. ఇవ్వడానికి రెండు ఆజ్ఞలు ఉన్నాయి. మౌంట్ అనే ఆజ్ఞతో మన కంప్యూటర్‌లోని ఒక ఫోల్డర్‌ను దానికి సీ డ్రైవ్‌గా చూపిస్తాం. ఐఎంజీమౌంట్ అనే ఆజ్ఞతో ఇమేజ్ ఫైలును 'ఏ' (A) డ్రైవ్‌లో పెట్టిన ఫ్లాపీగానో, డీ డ్రైవ్‌లో పెట్టిన సీడీగానో చూపిస్తాం. ఆజ్ఞ పక్కన డ్రైవ్ అక్షరం, ఇమేజ్ ఫైలు ఉన్న చోటు, చివర అది ఫ్లాపీయా సీడీయా అన్న సంగతి రాస్తే సరిపోతుంది. రెండు మూడు సీడీల ఆటయితే ఆ ఇమేజ్‌ల పేర్లన్నీ ఒకే ఆజ్ఞలో వరుసగా ఇచ్చి, ఆట అడిగినప్పుడు కంట్రోల్ పట్టుకుని ఎఫ్4 నొక్కితే తర్వాతి సీడీ లోపలికి వెళుతుంది.

కొత్తవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. విండోస్ 8 నుంచి ఐఎస్ఓ ఫైలు (సీడీ ఇమేజ్ ఫైలు) మీద రెండుసార్లు నొక్కితే అది కొత్త డ్రైవ్‌గా కనిపిస్తుంది. మా మేనల్లుడు అలా చేసి, మౌంట్ అయిపోయింది కదా మామయ్యా, మరి డాస్‌బాక్స్ 'డ్రైవ్ డీ లేదు, ముందు మౌంట్ చెయ్యి' అని ఎందుకంటోంది అని అడిగాడు. మౌంట్ అయిన మాట నిజమే కానీ, అయింది విండోస్‌లో. ఆ సీడీ వీధిగుమ్మం దాకా వచ్చింది, డాస్‌బాక్స్ ఉన్న గదిలోకి రాలేదు. గదిలోపల కూడా ఒకసారి ఆజ్ఞ ఇవ్వాలి. ఇంకో పొరపాటు, ఇమేజ్ ఫైలును మామూలు మౌంట్ ఆజ్ఞతో ఇవ్వడం. మౌంట్ ఫోల్డర్లకు, ఐఎంజీమౌంట్ ఇమేజ్‌లకు అన్నది గుర్తుపెట్టుకుంటే సగం ఇబ్బంది తీరుతుంది. ప్రతిసారీ టైపు చేయడం విసుగనిపిస్తే, డాస్‌బాక్స్ కాన్ఫిగరేషన్ ఫైలు చివర ఉండే ఆటోఎగ్జెక్ భాగంలో ఆ పంక్తులు ఒకసారి రాసిపెట్టుకోవచ్చు.

పులిజూదం ఇమేజ్‌ను 'ఏ' డ్రైవ్‌గా మౌంట్ చేసి, ఆట పేరు కొట్టి ఎంటర్ నొక్కాను. పులి రాలేదు, 'బీజీఐ ఎర్రర్, గ్రాఫిక్స్ నాట్ ఇనిషియలైజ్డ్' అని వచ్చింది. టర్బో సీలో బొమ్మలు గీసిన వాళ్లెవరికైనా ఈ వాక్యం పీడకలలా గుర్తుంటుంది. బొమ్మలు గీయడానికి కావలసిన ఈజీఏవీజీఏ అనే డ్రైవర్ ఫైలు ఎక్కడుందో ప్రోగ్రాముకు దొరకలేదన్నమాట. ఆ రోజుల్లో మా పిల్లలందరూ ఆ ఫైలు సీ డ్రైవ్‌లో టీసీ ఫోల్డర్, దానిలో బీజీఐ ఫోల్డర్‌లో ఉంటుందని ప్రోగ్రాములోనే రాసేసేవారు. అలా రాయడం నేర్పింది నేనే. పెట్టెలోని ఇంకో ఫ్లాపీలోంచి ఆ ఫైలు తీసి, డాస్‌బాక్స్‌కు సీ డ్రైవ్‌గా ఇచ్చిన ఫోల్డర్‌లో అదే పేర్లతో అదే చోట పెట్టాను. ఈసారి ముక్కోణపు పటం తెర మీద పరుచుకుంది. కానీ పులి కాలికి ముల్లు గుచ్చుకున్నట్టు కుంటుతూ కదిలింది. ఎత్తుకు ఎత్తుకు మధ్య విరామం కోసం కుర్రాడు ఖాళీ లూపులు (ఏ పనీ చేయకుండా ఊరికే అంకెలు లెక్కపెట్టే ఆజ్ఞలు) తిప్పాడు. వాటికి పట్టే సమయం ప్రాసెసర్ వేగాన్ని బట్టి మారుతుంది. డాస్‌బాక్స్ మామూలుగా 3000 సైకిళ్ల వేగంతో మొదలవుతుంది, అది మా పాత 386 యంత్రం కన్నా నెమ్మది. కంట్రోల్ ఎఫ్12 నొక్కుతూ వేగం పెంచితే, ఒకచోట పులి సరిగ్గా ఆనాటి నడక అందుకుంది. మరీ పెంచితే ఎత్తు కంటికి కనబడదు, అప్పుడు కంట్రోల్ ఎఫ్11తో తగ్గించుకోవాలి. 7 మేకలు పోగొట్టుకుని ఓడిపోయాను.

సీడీల విషయంలో వేరే జాగ్రత్త ఒకటుంది. 1990లలో వచ్చిన అనేక ఆటల సీడీల్లో మొదటి ట్రాకులో ఆట, తర్వాతి ట్రాకుల్లో మామూలు పాటల సీడీలో ఉన్నట్టే సంగీతం ఉండేవి. ఐఎస్ఓ ఫైలు సెక్టరుకు 2048 బైట్ల డేటాను మాత్రమే పట్టుకుంటుంది, పాటల ట్రాకులు అందులోకి రావు. ఆట నడుస్తుంది, సంగీతం మాత్రం వినిపించదు. 1996లో వచ్చిన క్వేక్‌కు నైన్ ఇంచ్ నెయిల్స్ బృందం కట్టిన సంగీతం అలా సీడీ ట్రాకుల్లోనే ఉంది. ఐఎస్ఓ తీసుకున్నవాళ్లు దాన్ని నిశ్శబ్దంగా ఆడి, ఆట అంతే కాబోలనుకుంటారు. అలాంటి సీడీలకు క్యూ, బిన్ అనే రెండు ఫైళ్ల జత తీయాలి. బిన్‌లో సెక్టరుకు 2352 బైట్ల చొప్పున మొత్తం సరుకు ఉంటుంది, ఏ ట్రాకు ఎక్కడ మొదలవుతుందో క్యూ చెబుతుంది. ఐఎంజీమౌంట్‌కు ఇవ్వవలసింది క్యూ ఫైలు పేరు. బిన్ పేరు మార్చితే క్యూ లోపల రాసి ఉన్న పేరు కూడా మార్చాలన్నది చాలామంది మరిచిపోతారు.

ఇమేజ్ ఒక్కటే ఉంటే చాలదని కూడా చెప్పాలి. ప్రిన్స్ ఆఫ్ పర్షియా పీసీ ప్రతిలో మొదటి అంతస్తు దాటగానే అక్షరాలు రాసిన సీసాలున్న గది వస్తుంది. ఆటతో వచ్చిన పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా పంక్తి, ఫలానా మాట మొదటి అక్షరం ఉన్న సీసాలోని మందు తాగమంటుంది. తప్పు సీసా తాగినవాడు ముందుకు పోలేడు. దొంగ ప్రతులను అడ్డుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. కాబట్టి ఆట పెట్టె దొరికితే డిస్కులకు ఇమేజ్ తీయడంతోపాటు పుస్తకాన్ని కూడా స్కాన్ చేయండి. కొన్ని ఆటల ఫ్లాపీల్లో కావాలనే చెడ్డ సెక్టర్లు పెట్టేవారు, వాటికి మామూలు ఇమేజ్ పనికిరాదు. నేను పైన చెప్పిన గ్రీజ్‌వీజల్ బోర్డు లాంటి వాటితో అయస్కాంత సంకేతాలనే నమోదు చేయవలసి వస్తుంది. రోడ్ రాష్ వంటి విండోస్ 95 ఆటలకు ఆ విండోస్‌నే హార్డ్ డిస్క్ ఇమేజ్‌లో స్థాపించుకోవాలి. అందుకు డాస్‌బాక్స్-ఎక్స్ లేదా 86బాక్స్ అనే ఎమ్యులేటర్ వాడాలి. అది ఓపిక ఉన్నవాళ్ల పని, ఇక్కడ విస్తరించను.

ఇదంతా చట్టసమ్మతమేనా అని మీ పాఠకుల్లో ఎవరైనా అడగవచ్చు, అడగాలి కూడా. 1957 నాటి మన కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములను సాహిత్య రచనల కోవలోనే చూస్తుంది. రచయిత జీవితకాలంతోపాటు ఆ తర్వాత మరో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆట అమ్మకం ఆగిపోయినంత మాత్రాన ఆ హక్కు పోదు. ఎవరూ అమ్మడం లేదు కనుక ఇంటర్నెట్‌లో దొరికిన ఇమేజ్‌ను ఎవరైనా దించుకోవచ్చనే వాదనకు చట్టంలో ఆధారం లేదు. అయితే అదే చట్టం 52వ సెక్షన్, న్యాయంగా ప్రోగ్రాము ప్రతిని కలిగి ఉన్నవారు, దానిని ఉద్దేశించిన పనికే వాడుకుంటూ, పోగొట్టుకోకుండా పాడైపోకుండా తాత్కాలిక రక్షణ కోసం ప్రతి తీసుకోవచ్చని స్పష్టంగా అనుమతిస్తోంది. మీరు కొనుక్కున్న ఆట ఫ్లాపీకి మీరు ఇమేజ్ తీసుకుని దాచుకోవడం నేరం కాదు. మా కేంద్రంలో చేతులు మారిన ఫ్లాపీలన్నీ కొన్నవేనని మాత్రం నేను ప్రమాణం చేయలేను. ఆ కాలమే అలాంటిది. అందుకే ఆడాలనిపించిన ఒకటి రెండు పాత ఆటలను జీఓజీ అనే సంస్థ దగ్గర డబ్బిచ్చి కొనుక్కున్నాను. 2008లో మొదలైన ఆ సంస్థ చాలా డాస్ ఆటలను డాస్‌బాక్స్‌తో కలిపి, ఏ ఆజ్ఞలూ టైపు చేయనక్కర లేకుండా అమ్ముతోంది.

వ్యక్తికి దొరికిన ఈ వెసులుబాటు గ్రంథాలయానికి దొరకకపోవడమే నన్ను బాధించే విషయం. 2012 సవరణలో అదే 52వ సెక్షన్‌కు ఒక మంచి నిబంధన చేర్చారు: లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం, తన దగ్గర ఉన్న రచనను భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వ చేసుకోవచ్చు. కానీ దానికి ఒక షరతు ఉంది. ఆ గ్రంథాలయం దగ్గర ఆ రచన డిజిటల్ కాని ప్రతి ముందే ఉండాలి. కాగితపు పుస్తకానికి ఈ షరతు సరిపోతుంది. ఫ్లాపీకి, సీడీకి డిజిటల్ కాని ప్రతి ఎక్కడి నుంచి వస్తుంది? 100 ఏళ్లు నిలిచే కాగితానికి రక్షణ దొరికింది, 30 ఏళ్లకే బూజుపట్టే ఫ్లాపీకి దొరకలేదు. ప్రచురించిన ప్రతి పుస్తకాన్నీ కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నైలోని కన్నెమరా వంటి మరికొన్ని గ్రంథాలయాలకు పంపాలన్న 1954 నాటి చట్టం కూడా పుస్తకాలు, పత్రికల దగ్గరే ఆగిపోయింది. ఫ్రాన్స్ 1992లోనే ఇలాంటి చట్టాన్ని సాఫ్ట్‌వేర్‌కూ విస్తరించడం వల్ల, అక్కడి జాతీయ గ్రంథాలయంలో వీడియో ఆటలు పుస్తకాల పక్కన చేరాయి. అమెరికాలో పరిస్థితి మనకన్నా గొప్పగా ఏమీ లేదు. అక్కడ విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొనడానికి దొరకవని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ తేల్చింది. అయినా అలాంటి ఆటలను పరిశోధకులకు దూరం నుంచి చూపించేందుకు గ్రంథాలయాలు అడిగిన మినహాయింపును 2024లో అక్కడి కాపీరైట్ కార్యాలయం తిరస్కరించింది.

సవరణ సంగతి పార్లమెంటుది, అది ఎప్పుడవుతుందో చెప్పలేం. ఈలోగా మన రెండు రాష్ట్రాల జిల్లా గ్రంథాలయ సంస్థలు చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో 5.25, 3.5 అంగుళాల ఫ్లాపీ డ్రైవులు, ఒక మంచి సీడీ డ్రైవు ఉన్న పాత కంప్యూటర్‌ను ఒక మూల పెట్టి, దాన్ని వాడటం తెలిసిన ఒకరిని వారానికి ఒక పూట కూర్చోబెట్టడం. గ్రంథాలయం ఏ ప్రతీ దాచుకోనక్కరలేదు. ఎవరి ఫ్లాపీ వారు తెచ్చుకుని, ఎవరి ఇమేజ్ వారు తీసుకుపోతారు. చట్టం ఇచ్చిన వెసులుబాటు ఎలాగూ సొంతదారుకే ఉంది కదా. బ్రౌన్ దొర కడపలో పండితులను పెట్టి తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడని ఏటా తలుచుకుంటాం. ఇక్కడ పండితులు కూడా అక్కరలేదు, ఒక యంత్రం, ఒక సీసా ఆల్కహాల్, కాస్త దూది చాలు. ఆటలకు గ్రంథాలయం ఎందుకనేవారికి ఇంకో మాట: అదే పెట్టెలోని అదే రకం ఫ్లాపీల మీద, అన్ని భాషల అక్షరాలకు ఒకే ప్రమాణమైన యూనికోడ్ రాకముందు తెలుగులో టైపు చేసిన కథలు, సావనీర్లు, స్థానిక పత్రికల పేజీలు కూడా ఉన్నాయి. వాటిని తెరవడానికి కావలసిన పాత ప్రోగ్రాములను నడిపేదీ ఈ ఎమ్యులేటర్లే. పులిజూదం కోసం నేర్చుకున్న విద్యతో, మా ఊరి నాటక సమాజం రజతోత్సవ సంచిక ఒకటి తిరిగి తెరవగలిగాను.

మీ పత్రిక తదుపరి సంచికలో ఆ ఒక్క వాక్యానికి సవరణ వేసి, ఫ్లాపీలను, సీడీలను పారేసే ముందు ఇమేజ్ తీయించుకోమని పాఠకులకు సూచిస్తే సంతోషిస్తాను. నా పెట్టెలో ఇంకా చదవలేని ఫ్లాపీలు 9 మిగిలాయి. వాటిలో ఒకదాని మీద నా చేతిరాతతోనే 'ముఖ్యం, చెరపవద్దు' అని ఉంది. అందులో ఏముందో నాకు గుర్తు లేదు. వానాకాలం తేమ తగ్గాక మళ్లీ ప్రయత్నిద్దామని మా విద్యార్థి అన్నాడు.

ఇట్లు,
విశ్రాంత కంప్యూటర్ బోధకుడు,
తెనాలి.